జింక వేటకు చిన్న క్యాలిబర్ రైఫిల్: అర మిల్లీమీటరు దగ్గర మొదలైన తగువు

బల్ల మీద రెండు తూటాలు పక్కపక్కనే నిలబెట్టామనుకోండి. మొదటిది .22 లాంగ్ రైఫిల్. 1887 నుంచీ ఉన్న పాత తూటా. గురి నేర్చుకునేవాళ్ల చేతికి ముందుగా ఇచ్చేది ఇదే, కుందేళ్లను కొట్టేదీ దీంతోనే. రెండోది .223 రెమింగ్టన్. ఏఆర్-15 రైఫిల్ కోసం తయారై 1960ల్లో బజారుకొచ్చింది. రెండింటి కొసన ఉన్న బుల్లెట్ లావు కొలిస్తే దాదాపు ఒకటే, 5.7 మిల్లీమీటర్లు. పేర్లూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. కానీ మొదటిది 2.6 గ్రాముల బుల్లెట్‌ను సెకనుకు 380 మీటర్ల వేగంతో పంపితే, రెండోది 3.6 గ్రాముల బుల్లెట్‌ను 990 మీటర్ల వేగంతో పంపుతుంది. బరువు కొంచెమే ఎక్కువ, వేగం మాత్రం రెండున్నర రెట్లు దాటింది. శక్తి లెక్కలో వేగాన్ని వేగంతోనే గుణించాలి కాబట్టి మొదటిదాని శక్తి 190 జౌల్స్ దగ్గర ఆగిపోతే రెండోది 1740 జౌల్స్‌కు చేరుతుంది. తొమ్మిది రెట్లు!

"చిన్న క్యాలిబర్‌తో జింకను కొట్టవచ్చా?" అనే ప్రశ్న ఎందుకు ఇంత చిక్కుగా ఉంటుందో ఈ రెండు తూటాలే చెబుతాయి. క్యాలిబర్ అంటే లావు కొలత మాత్రమే. బరువు, వేగం, బుల్లెట్ లోపలి కట్టుబడి, ఇవేవీ ఆ అంకెలో కనపడవు. అయినా వాదనంతా ఆ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతుంది. ఒకరు .223తో ఏళ్ల తరబడి జింకలు కొడుతున్నాను, ఒక్కటీ తప్పిపోలేదంటారు. ఇంకొకరు అది జింకను హింసించే తూటా అని మండిపడతారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని నా అభిప్రాయం. అదెలాగో చూడాలంటే ముందు జింక ఎలా చనిపోతుందో తెలుసుకోవాలి.

మెదడుకో వెన్నుపాముకో దెబ్బ తగిలితే తప్ప జింక ఉన్నచోటే కూలిపోదు. తల చిన్నది, క్షణం నిలకడగా ఉండదు. అక్కడ గురి కొంచెం తప్పితే దవడ విరిగి, మేత మేయలేక, రోజుల తరబడి నరకం అనుభవించి చనిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు ముందుకాలి వెనక, ఛాతీలో ఉండే గుండెకూ ఊపిరితిత్తులకూ గురిపెడతారు. అమెరికాలో తిరిగే తెల్లతోక జింకలో ఆ చోటు సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఐరోపాలో తిరిగే చిన్న రో జింకలో దానికి సగమే. రెండు ఊపిరితిత్తులూ చిల్లు పడితే రక్తపోటు దబ్బున పడిపోయి, మెదడుకు నెత్తురు అందక, పది పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది. ఆ పది సెకన్లలోనే భయపడ్డ జింక వంద మీటర్లు పరుగెత్తగలదు. గుండెలో తగిలినా అంతే. అంటే జింకను చంపేది రక్తస్రావం, తుపాకీ చప్పుడో, "షాకో" కాదు.

విల్లు చూస్తే ఇది ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. ఇప్పటి కాంపౌండ్ విల్లు నుంచి వచ్చే బాణం శక్తి అటూ ఇటూగా 100 జౌల్స్. .22 లాంగ్ రైఫిల్ కంటే కూడా తక్కువ. అయినా పదునైన అలుగున్న బాణం ఛాతీలో ఈ పక్క నుంచి ఆ పక్కకు దూసుకుపోయి జింకను త్వరగానే చంపుతుంది. కారణం, ఆ అలుగు వేలెడు వెడల్పున ఊపిరితిత్తులను కోసుకుంటూ పోతుంది. కాబట్టి శక్తి దానంతటది ఏ జంతువునూ చంపదు. బుల్లెట్ లోపల వెడల్పయిన దారి చెయ్యడానికీ, ఆ దారి అవతలి పక్కదాకా సాగడానికీ కావలసిన పెట్టుబడి శక్తి.

చిన్న బుల్లెట్ కష్టమంతా ఇక్కడే ఉంది. వేట బుల్లెట్ ఒంట్లోకి దిగగానే ముందుభాగం పుట్టగొడుగులా విచ్చుకోవాలి. విచ్చుకుంటే గాయం వెడల్పవుతుంది, కానీ లోతు తగ్గుతుంది. విచ్చుకోకపోతే లోతుగా పోతుంది, కానీ సన్నటి చిల్లు మాత్రమే మిగులుతుంది. 10 గ్రాముల బుల్లెట్ ఈ రెండు పనులూ చెయ్యగా ఇంకా కాస్త బరువు చేతిలో మిగులుతుంది. మూడున్నర గ్రాముల బుల్లెట్‌కు ఆ వెసులుబాటు లేదు. పిండి కొద్దీ రొట్టె. అందుకే చిన్న క్యాలిబర్‌లో బుల్లెట్ ఎలా కట్టారన్నదే అన్నిటికంటే ముఖ్యం. నన్నడిగితే తుపాకీ సంగతి ఆ తర్వాతే.

.223 మొదలైన చిన్న సెంటర్‌ఫైర్ తూటాల్లో (అడుగున మధ్యలో దెబ్బ తగిలి పేలేవి) వేసే బుల్లెట్లలో ఎక్కువ భాగం జింకల కోసం తయారైనవి కావు. ప్రెయిరీ డాగ్ లాంటి బొరియ జంతువులనూ, నక్కలాంటి కొయోటీలనూ కొట్టడానికి చేసినవి. వాటి రాగి తొడుగు పల్చగా ఉంటుంది. చర్మం తాకగానే పగిలి ముక్కలైపోవాలన్నదే వాటి ఉద్దేశం. చిన్న జంతువు మీద ఆ పని బాగానే చేస్తాయి. అదే బుల్లెట్ జింక జబ్బ ఎముకకు తగిలితే అక్కడే చితికిపోతుంది. పైకి పెద్ద గాయం కనపడుతుంది కానీ ఊపిరితిత్తులు చెక్కుచెదరవు. ఆ జింక కుంటుకుంటూ పొదల్లోకి వెళ్లి రోజుల తర్వాత చనిపోతుంది, దాన్ని కొట్టిన మనిషికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. .223ను తిట్టేవాళ్లలో చాలామంది చూసింది ఇలాంటి గాయాలనే. మరోవైపు సైన్యం వాడే నిండు తొడుగు బుల్లెట్ కూడా పనికిరాదు. అది విచ్చుకోడానికి చేసింది కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో జింకల మీద మెత్తటి ముక్కు బుల్లెట్ గానీ బోలు ముక్కు బుల్లెట్ గానీ తప్ప వాడకూడదని చట్టమే చెబుతుంది.

ఈ మధ్యకాలంలో పరిస్థితి మారింది. లోపలి సీసాన్ని తొడుగుకు అతికించి చేసే బాండెడ్ బుల్లెట్లు, పూర్తిగా రాగితో చేసే బుల్లెట్లు చిన్న క్యాలిబర్లలోనూ దొరుకుతున్నాయి. మధ్యలో అడ్డుగోడ ఉన్న బుల్లెట్‌ను జాన్ నోస్లర్ 1948లో అమ్మకానికి తెచ్చాడు. ముందు సగం విచ్చుకున్నా వెనక సగం చెదరకుండా లోపలికి పోవాలన్నది ఆయన ఆలోచన. ఈ బుల్లెట్లన్నీ అదే దారిలో వచ్చినవి. అలాంటి బుల్లెట్ వేసిన .223, వంద మీటర్ల లోపు, పక్కకు తిరిగి నిలబడ్డ మధ్యస్థపు జింకకు ఛాతీలో సరిగ్గా తగిలితే జింక బతికే ప్రసక్తే లేదు. తప్పిపోలేదని చెప్పేవాళ్ల అనుభవం ఇది. కాకపోతే ఆ ఒక్క వాక్యంలో ఎన్ని షరతులు ఉన్నాయో గమనించండి.

అందులో దూరం అన్న షరతు చాలామంది అనుకునేదానికంటే కఠినం. తేలిక బుల్లెట్ వేగంగా బయల్దేరుతుంది, అంతే వేగంగా నీరసిస్తుంది. 55 గ్రెయిన్ల .223 బుల్లెట్ తుపాకీ గొట్టం (బ్యారెల్) నోటి దగ్గర 1740 జౌల్స్‌తో మొదలై 100 గజాల దగ్గర 1250కి, 200 గజాల దగ్గర 880కి, 300 గజాలకు వచ్చేసరికి 600కు పడిపోతుంది. గ్రెయిన్ అంటే బుల్లెట్లు తూచే పాత కొలత, 55 గ్రెయిన్లంటే 3.6 గ్రాములు. దీని పక్కన .243 విన్‌చెస్టర్‌ను పెట్టి చూడండి. 1955లో వచ్చిన ఈ తూటా బుల్లెట్ లావు 6.2 మిల్లీమీటర్లు. .223 కంటే అర మిల్లీమీటరే ఎక్కువ. కానీ దాని 100 గ్రెయిన్ల బుల్లెట్‌కు 200 గజాలు దాటాక కూడా సుమారు 1800 జౌల్స్ మిగిలి ఉంటాయి. అంటే .223 బ్యారెల్ నోట్లోంచి బయటపడే క్షణంలో ఉన్న శక్తి కంటే ఎక్కువ. పైగా బరువైన బుల్లెట్‌ను గాలి పక్కకు నెట్టేదీ తక్కువే.

చాలా చట్టాలు గీత గీసింది సరిగ్గా ఈ అర మిల్లీమీటరు మధ్యలోనే. ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తించే 1991 నాటి జింకల చట్టం ప్రకారం రైఫిల్ క్యాలిబర్ .240 అంగుళాలకు తగ్గకూడదు, నోటి దగ్గర శక్తి 1700 ఫుట్‌పౌండ్లకు తగ్గకూడదు. అది సుమారు 2300 జౌల్స్. .243 నెగ్గుతుంది, .223 రెండు లెక్కల్లోనూ ఓడిపోతుంది. 2007లో ఒక సడలింపు వచ్చింది. మంట్‌జాక్, చైనా నీటి జింక అనే రెండు చిన్న జాతులకు మాత్రం .220 అంగుళాల క్యాలిబర్, 1000 ఫుట్‌పౌండ్లు, 50 గ్రెయిన్ల బుల్లెట్ చాలన్నారు. ఈ రెండూ కుక్కంత జంతువులు, ఇరవై కిలోలు కూడా తూగవు.

సరిహద్దు దాటి స్కాట్లండ్‌కు వెళ్తే లెక్క మారిపోతుంది. అక్కడి నియమాల్లో క్యాలిబర్ ఊసే లేదు. రో జింకకు 50 గ్రెయిన్ల బుల్లెట్, సెకనుకు 2450 అడుగుల వేగం, 1000 ఫుట్‌పౌండ్ల శక్తి ఉంటే చాలు. అంటే అదే రో జింక, అదే .223 రైఫిల్. సరిహద్దుకు ఉత్తరాన చట్టబద్ధం, దక్షిణాన నేరం. జర్మనీ ఇంకో దారిలో ఆలోచించింది. అక్కడ శక్తిని నోటి దగ్గర కొలవరు, 100 మీటర్ల దూరాన కొలుస్తారు. రో జింకకు 1000 జౌల్స్ మిగిలి ఉండాలి. రెడ్ డీర్ మొదలైన పెద్దవాటికి 2000 జౌల్స్‌తో పాటు క్యాలిబర్ 6.5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఈ లెక్కన ఇంగ్లండ్‌లో రెడ్ డీర్‌కు సరిపోయే .243 జర్మనీలో దానికి పనికిరాదు. అమెరికాలో ఏ రాష్ట్రం నియమం ఆ రాష్ట్రానిదే. టెక్సస్‌లో .22 లాంగ్ రైఫిల్ లాంటి రిమ్‌ఫైర్ (అడుగు అంచున దెబ్బ తగిలి పేలే) తూటాలు తప్ప .223 లాంటి చిన్న సెంటర్‌ఫైర్లు జింకకు వాడుకోవచ్చు. వర్జీనియాలో .23కు తగ్గకూడదు. కొలరాడోలో .24 క్యాలిబర్, 70 గ్రెయిన్ల బుల్లెట్, 100 గజాల దగ్గర 1000 ఫుట్‌పౌండ్లు ఉండాలి.

కొలరాడో నియమంలో ఒక చిత్రమైన సంగతి ఉంది. .22-250 రెమింగ్టన్ అనే తూటా .223 లావు బుల్లెట్‌నే ఇంకా వేగంగా తోస్తుంది. 100 గజాల దగ్గర దానికి 1200 ఫుట్‌పౌండ్ల శక్తి ఉంటుంది. శక్తి పరీక్ష పాసైనా లావు దగ్గర ఫెయిలవుతుంది. ఇది అన్యాయమని దాన్ని ఇష్టపడేవాళ్లు అంటారు. నాకైతే అలా అనిపించదు. ఆ వేగంతో పోయే పల్చటి తొడుగు బుల్లెట్ జబ్బ మీదే పేలిపోయే ప్రమాదం ఇంకా ఎక్కువ. కానీ బజారులో ఎవరు ఏ బుల్లెట్ కొన్నారో చట్టం తనిఖీ చెయ్యలేదు. వేట నియమాలు అమలుచేసే వార్డెన్ పొలం గట్టు మీద నిలబడి చూడగలిగింది బ్యారెల్ మీద చెక్కిన అంకెనే. అందుకే చట్టం లావును పట్టుకుంది. కచ్చితమైన కొలత కాదు, పట్టుకోడానికి వీలైన కొలత.

ఇక చిన్న క్యాలిబర్ తరఫున బలమైన వాదన ఒకటుంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు. పెద్ద రైఫిల్ భుజాన్ని తంతుంది. పెద్ద వేట తూటా .30-06 తన్నే తన్నులో .223ది సుమారు ఐదో వంతు. ఆ తన్ను రుచి చూసిన మనిషి మరుసటిసారి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకుంటాడు, ఒళ్లు బిగుసుకుంటుంది, గురి చెదురుతుంది. పెద్ద తూటా పొట్టలో తగలడం కంటే చిన్న తూటా ఊపిరితిత్తుల్లో తగలడం జింకకు వెయ్యి రెట్లు నయం. ఇందులో అబద్ధమేమీ లేదు. తేలిక రైఫిల్‌తో మనిషి ఎక్కువ సాధన చేస్తాడు, తూటా తగిలిన క్షణాన్ని టెలిస్కోప్‌లో చూడగలుగుతాడు.

ఈ వాదన చేసేవాళ్లు తరచుగా డబ్ల్యూ.డి.ఎం. బెల్ పేరు ఎత్తుతారు. ఈ స్కాట్లండ్ మనిషి 20వ శతాబ్దం మొదట్లో ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు, వాటిలో ఎక్కువ భాగం ఏనుగు లెక్కన చిన్నదైన 7 మిల్లీమీటర్ల రైఫిల్‌తోనే. ఆ సంఖ్య తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. వాదన సంగతికొస్తే, ఈ ఉదాహరణ చెప్పేది వాళ్లు అనుకున్నదానికి వ్యతిరేకం. బెల్ ఏనుగు పుర్రె లోపలి నిర్మాణాన్ని శ్రద్ధగా చదివి, మెదడు ఎక్కడుందో ఏ కోణం నుంచైనా గుర్తించగలిగేవాడు. విచ్చుకోని గట్టి బుల్లెట్లే వాడేవాడు. బతుకంతా అదే పని. అంతటి నేర్పరి చేతిలో చిన్న రైఫిల్ పనిచేసింది కాబట్టి మొదటిసారి వేటకొచ్చిన పద్నాలుగేళ్ల పిల్లవాడి చేతిలోనూ పనిచేస్తుందనలేం.

అసలు తిరకాసు ఇదే. తన్ను తక్కువ కాబట్టి చిన్న రైఫిల్‌ను కొత్తవాళ్లకు ఇస్తారు. కానీ పొరపాటుకు చోటివ్వని తుపాకీ అదే. పెద్ద బుల్లెట్ నాలుగు వేళ్లు పక్కకు తగిలినా, జబ్బ ఎముకను విరగ్గొట్టుకుని లోపలికి పోగలదు. జింక కొంచెం ఎదురుగా తిరిగి ఏటవాలుగా నిలబడినప్పుడు జబ్బ ఎముక దాటి, మందపాటి కండ దాటి, అవతలి ఊపిరితిత్తిని చేరాలి. వెనకనుంచి ఏటవాలుగా అయితే పొట్టలోని మేత గుండా ప్రయాణించాలి. మూడున్నర గ్రాముల బుల్లెట్ ఆ దారిలో ఎక్కడో ఆగిపోవచ్చు. చిన్న రైఫిల్ పట్టినవాడు ఇలాంటి అవకాశాలన్నీ వదులుకోవాలి. జింక పక్కకు తిరిగేదాకా ఎదురుచూడాలి, తిరక్కపోతే దాన్ని పోనివ్వాలి. సీజన్ మొత్తంలో కనపడ్డ ఒకే ఒక్క జింక కళ్లెదుట నడిచిపోతుంటే, గుండె దడదడలాడుతుంటే, ట్రిగ్గర్ మీంచి వేలు తియ్యడానికి ఎంత నిగ్రహం కావాలి? ఆ నిగ్రహం అనుభవం మీద వచ్చేది. కొత్తవాడికి చిన్న రైఫిల్ ఇస్తే, ఆ నిగ్రహం ఉన్న పెద్దవాళ్లెవరైనా పక్కన కూర్చోవాలి. నామటుకు నేను, కొత్తవాడికి .223 కంటే .243 మంచిదంటాను. తన్ను ఇంకా భరించగలిగేదే, పొరపాటుకు కాస్తయినా చోటుంటుంది.

సీసం మీద ఆంక్షలు వచ్చాక ఈ తగువులో కొత్త ముడి పడింది. పగిలిన సీసపు బుల్లెట్ రవ్వలు మాంసంలోనూ, అడవిలో వదిలేసిన పేగుల్లోనూ మిగిలిపోతాయి. వాటిని తిన్న రాబందులూ గద్దలూ విషం ఎక్కి చనిపోతాయి. కాండర్లు అనే పెద్ద రాబందులను కాపాడుకునే ప్రయత్నంలో కాలిఫోర్నియా 2019 జూలై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. డెన్మార్క్ 2024 ఏప్రిల్ నుంచి రైఫిల్ తూటాల్లోనూ సీసం వద్దంది. ఇక మిగిలేది రాగి. రాగి సీసం కంటే తేలిక, కాబట్టి అదే బరువు రావాలంటే బుల్లెట్ పొడవు పెరగాలి. పొడవైన బుల్లెట్ గాలిలో తలకిందులు కాకుండా పోవాలంటే ఎక్కువగా తిరగాలి. ఆ తిప్పడం బ్యారెల్ లోపలి మెలి గాడుల పని. పాత .223 రైఫిళ్లలో గాడి 12 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది. 55 గ్రెయిన్ల సీసపు బుల్లెట్‌కు అది చాలు. పొడవాటి బుల్లెట్లకు 8 లేదా 7 అంగుళాలకు ఒక చుట్టు కావాలి. చుట్టు చాలని బ్యారెల్‌లోంచి వచ్చిన బుల్లెట్ అడ్డంగా తిరుగుతూ పోయి ఎక్కడ తగులుతుందో చెప్పలేం. రైఫిల్ పాతదైతే బుల్లెట్ కొనేముందు ఈ సంగతి చూసుకోవాలి.

రాగికి ఇంకో గుణం ఉంది. వేగం తగ్గితే అది విచ్చుకోదు, సూదిలా దూరి పోతుంది. దూరం పెరిగేకొద్దీ చిన్న క్యాలిబర్‌కు ఇది మరింత నష్టం. లాభం ఏమిటంటే, తగిన వేగంలో తగిలిన రాగి బుల్లెట్ బరువు దాదాపు తగ్గకుండా లోతుగా పోతుంది, చిన్న బుల్లెట్‌కు ఎప్పుడూ కొరవగా ఉండే లోతు దీంతో వస్తుంది. స్కాట్లండ్ 2023లో పెద్ద జింకలకు బుల్లెట్ కనీస బరువును 100 గ్రెయిన్ల నుంచి 80కి దించింది కూడా సీసం లేని తూటాలకు దారి ఇవ్వడానికే. బుల్లెట్ కట్టుబడి మెరుగుపడితే బరువు నియమం సడలించవచ్చని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదా.

తూటా పేలిన తర్వాతి సంగతి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. చిన్న క్యాలిబర్ విషయంలో ఎక్కువ జింకలు పోగొట్టుకునేది అక్కడే. పెద్ద బుల్లెట్ సాధారణంగా అవతలి పక్క చిల్లు పెట్టి బయటికొస్తుంది, ఆ చిల్లులోంచి నెత్తురు నేల మీద ధారగా పడుతుంది. చిన్న బుల్లెట్ చాలాసార్లు లోపలే ఉండిపోతుంది. లోపలికి వెళ్లిన చిల్లు సన్నం, పైగా దాన్ని వెంట్రుకలు కప్పేస్తాయి. నెత్తురంతా ఛాతీలోనే నిండుతుంది. జింక ఎనభై మీటర్ల అవతల పొదలో చచ్చిపడి ఉన్నా, కొట్టిన చోట చుక్క నెత్తురు కనపడకపోవచ్చు. తప్పిందనుకుని మనిషి ఇంటికి వెళ్లిపోతాడు.

అందుకే పేల్చాక మొదట చెయ్యాల్సింది జింక నిలబడ్డ చోటునూ, చివరిసారి కనపడ్డ చోటునూ గుర్తుపెట్టుకోవడం. వెంటనే వెంటపడకూడదు. తరిమితే గాయపడ్డ జింక ఇంకా దూరం పోతుంది. అరగంటైనా ఆగి, మొదటి చోటికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని వెతకాలి. గులాబీ రంగు నురగ నెత్తురు దొరికితే ఊపిరితిత్తులు. ముదురు ఎరుపైతే కాలేయం కావచ్చు, ఇంకాసేపు ఆగాలి. పచ్చటి మేత రసం అంటిన వెంట్రుకలు కనపడితే పొట్టలో తగిలింది, గంటల తరబడి ఆగక తప్పదు. ఏమీ దొరక్కపోయినా అది పరుగెత్తిన దారిలో కనీసం రెండు వందల మీటర్లు నడిచి చూడాలి. గాయపడిన జంతువు జాడ పట్టడం కోసమే జర్మనీలో హానోవర్, బవేరియా జాతుల కుక్కలను తరతరాలుగా పెంచుతున్నారు. నెత్తురు చుక్క లేని చోట కూడా అవి గిట్టల సందుల్లోంచి మిగిలిన వాసనను పట్టుకుని పోతాయి. చిన్న రైఫిల్‌తో బయల్దేరేవాళ్లు, అలాంటి కుక్క ఉన్నవాళ్ల ఫోన్ నంబరు ముందే రాసుకుని జేబులో పెట్టుకోవాలి.